జంతువుల రెస్క్యూ, దత్తత సంస్థ పెట్టాలనుకునేవాళ్ళకి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

"అన్నా, మేము నలుగురం కలిసి మా ఊళ్ళో కుక్కలకి, పిల్లులకి ఏదన్నా చేద్దామనుకుంటున్నాం" అని కావలి నుంచో, ఒంగోలు నుంచో, కందుకూరు నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఆ తర్వాత అడిగే సందేహాలు దాదాపు అవే. చెప్పిందే చెప్పడం కన్నా రాసిపెట్టడం నయమనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్ళిపోండి, పైవి చదవకపోయినా ఫర్వాలేదు.

## మొదలుపెట్టకముందు

ముందు స్థలం చూసుకోవాలా? షెల్టర్ లేకుండా సంస్థ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మా మాట వింటే మొదటి ఏడాది షెడ్డు జోలికే పోవద్దు. "ఫలానా వాళ్ళకి కుక్కల షెడ్డు ఉందంట" అనే మాట ఊళ్ళో పాకితే చాలు, తెల్లారేసరికి గేటు ముందు అట్టపెట్టెలు ఉంటాయి. తెచ్చి వదిలేవాళ్ళకి కొదవ లేదు, తీసుకెళ్ళేవాళ్ళకే కరువు. ముందు నాలుగైదు ఇళ్ళవాళ్ళని ఫోస్టర్‌కి, అంటే దత్తత కుదిరేదాకా ఇంట్లో ఉంచుకోవడానికి, ఒప్పించుకోండి. ఒక్కో ఇంట్లో ఒకటో రెండో జంతువుల్ని ఉంచి, వైద్యం చేయించి, దత్తతకి పంపండి. ఆ పని ఏడాది పాటు నడిపితే మీ ఊరికి షెడ్డు కావాలో వద్దో, కావాలంటే ఎంత పెద్దది కావాలో మీకే తెలుస్తుంది.

ఒకేసారి ఎన్ని జంతువుల్ని ఉంచుకోవచ్చు?

ఇది స్థలాన్ని బట్టి తేలే లెక్క కాదు. నెలకి ఎన్నింటిని దత్తతకి పంపగలరో, కోలుకున్నవాటిలో ఎన్నింటిని వాటి వీధికే తిరిగి చేర్చగలరో చూసుకోండి. లోపలికి తీసుకోవాల్సింది కూడా అంతే. నెలకి మూడు బయటికి పోతూ ఎనిమిది లోపలికి వస్తుంటే, ఆరు నెలలు తిరిగేసరికి మీ దగ్గర ముప్ఫై ఉంటాయి. వాటిలో ఒకదానికి పార్వో (కుక్కపిల్లల్ని చంపే అంటువ్యాధి) వస్తే మిగతా పిల్లలన్నీ పోతాయి. ఒక సంఖ్య అనుకుని కాగితం మీద రాసి గోడకి అంటించండి. అది నిండిన రోజు "చోటు లేదు, కానీ ఏం చేయాలో ఫోన్‌లో చెప్తాం" అనండి. మొహమాటపడేవాళ్ళకి ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఈ పనిలో దిగేవాళ్ళందరూ మొహమాటస్థులే.

కుక్కలు, పిల్లులు, ఆవులు, గాడిదలు అన్నీ చూడాలా?

వద్దు. మొదట కుక్కలు, పిల్లులు చాలు. ఆవులకి, ఎడ్లకి స్థలం, మేత, బరువెత్తే మనుషులు కావాలి. రోడ్డు మీద దెబ్బ తగిలిన పశువు కనపడితే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. గాడిదల సంగతి మన వైపు వేరుగా చెప్పుకోవాలి. ప్రకాశం జిల్లాలో గాడిద మాంసం అమ్మకం ఎప్పటినుంచో ఉంది. కానీ ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గాడిద మాంసానికి కోసే జంతువుల జాబితాలో లేదు. 2019 పశుగణన నాటికి దేశం మొత్తం మీద మిగిలిన గాడిదలు లక్షా ఇరవై వేలే. ఎక్కడైనా కోస్తున్నారని తెలిస్తే ఒంటరిగా వెళ్ళి గొడవ పెట్టుకోకండి. ఆహార భద్రతా అధికారికి, పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఉద్యోగం చేసుకుంటూ చేయగలమా?

చేయగలరు, ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండకపోతే. రాత్రి ఫోన్లు ఎవరు ఎత్తాలి, ఆదివారం ఎవరు ఎత్తాలి అన్నది ముందే పంచుకోండి.

## రిజిస్ట్రేషన్, డబ్బు

సొసైటీ పెట్టాలా, ట్రస్టు పెట్టాలా?

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏటా సమావేశం పెట్టాలి, సభ్యుల జాబితా దాఖలు చేయాలి. ట్రస్టుకి ఇద్దరు ముగ్గురు సరిపోతారు, దస్తావేజు రాసుకుని రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది. ఇవి కాక కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ కూడా పెట్టొచ్చు. కానీ దానికి ప్రతి ఏడాదీ ఆడిటర్ ఖర్చు ఎక్కువ.

సంతకం పెట్టడానికి కాకుండా మీటింగుకి నిజంగా వచ్చే ఏడుగురు ఉంటే సొసైటీ మంచిది. ఒకరు అలిగి వెళ్ళిపోయినా సంస్థ నిలబడుతుంది. బావమరిది, తోడల్లుడు, పిన్నిగారబ్బాయి అని పేర్లు నింపి ఏడు చేసేటట్టయితే ట్రస్టే పెట్టుకోండి.

జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు లేకుండా పని చేయకూడదా?

గాయపడిన జంతువుకి వైద్యం చేయించడానికి, దత్తత ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీధి కుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కార్యక్రమం నడపాలంటే మాత్రం భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు తప్పనిసరి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద 1962లో ఏర్పడిన ఈ బోర్డు చాలాకాలం చెన్నైలో ఉండేది. ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది, కాబట్టి పాత చిరునామాకి దరఖాస్తులు పంపకండి. ఇంకో సంగతి, 2001 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలోనూ జంతు హింస నిరోధక సంఘం ఉండాలి. మీ జిల్లాలో అది పనిచేస్తోందో లేదో పశుసంవర్ధక శాఖ జాయింట్ డైరెక్టర్ ఆఫీసులో అడగండి. పనిచేస్తుంటే అందులో సభ్యులుగా చేరండి.

మా అక్క అమెరికాలో ఉంది, డబ్బు పంపుతానంటోంది. తీసుకోవచ్చా?

మన జిల్లాల్లో ఇంటికొకరు బయట దేశంలో ఉన్నారు కాబట్టి ఇది అందరూ అడుగుతారు. అక్కకి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, మనవాళ్ళే అయినా, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకి మూడేళ్ళు నిండి ఉండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు సేవకి ఖర్చుపెట్టి ఉండాలి. అందుకని డబ్బు వేయించుకునే ముందే "పాస్‌పోర్టు ఏ దేశానిదక్కా?" అని అడగండి, ఆ జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకుని దాచండి.

దాతలు పన్ను మినహాయింపు అడుగుతున్నారు. ఏం చేయాలి?

అందరం 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి మినహాయింపు) అని పిలుచుకునే రిజిస్ట్రేషన్లు ఆదాయపు పన్ను పోర్టల్‌లో చేయించుకోవాలి. కొత్త సంస్థకి ముందు మూడేళ్ళకి తాత్కాలికంగా ఇస్తారు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి, అందుకని దరఖాస్తు ఆడిటర్ చేతే పెట్టించండి. రెండు వేలకి మించి నగదుగా ఇస్తే దాతకి మినహాయింపు రాదు. కృష్ణపట్నం చుట్టుపక్కల కంపెనీలనో, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళనో సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక సేవకి ఇచ్చే నిధులు) అడగాలన్నా ఈ రిజిస్ట్రేషన్లు ఉండాల్సిందే. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో జంతు సంక్షేమం కూడా ఉంది, ఆ మాట దరఖాస్తులో రాయండి.

## రెస్క్యూ

ఫోన్ వచ్చిన వెంటనే పరిగెత్తాలా?

ముందు ఫొటో, వీడియో, లొకేషన్ అడగండి. తర్వాత ఒకటే ప్రశ్న: "మేమొచ్చేదాకా మీరక్కడ ఉంటారా?" ఉండనన్నారంటే, సగం సార్లు మీరు వెళ్ళేసరికి జంతువు ఉండదు. హైవే మీద ప్రమాదమైతే, ఫోన్ చేసినవాళ్ళని వాళ్ళ బండి పార్కింగ్ లైట్లు వేసి పక్కన నిలబెట్టమనండి. పదహారో నంబరు హైవే మీద కుక్కని కాపాడబోయి మనిషి లారీ కింద పడితే ఆ కుటుంబానికి ఎవరు జవాబు చెప్తారు?

దెబ్బ తగిలిన కుక్కని ఎలా పట్టుకోవాలి?

నొప్పిలో ఉన్న కుక్క, పెంచినవాళ్ళనైనా కరుస్తుంది. పక్కనుంచి వెళ్ళండి, ఎదురుగా వంగి కళ్ళలోకి చూడకండి. మెత్తని గుడ్డపట్టీని మూతికి చుట్టి, గడ్డం కింద మెలిపెట్టి, చెవుల వెనక ముడి వేయండి. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టొద్దు. నడుము విరిగిందని అనుమానముంటే చేతుల్తో ఎత్తకుండా పలక మీదకో, ఇద్దరు బిగించి పట్టుకున్న దుప్పటి మీదకో జరపండి. పిల్లి అయితే పెద్ద తువ్వాలు కప్పి మొత్తంగా చుట్టేయడమే.

మా వాలంటీర్లకి రేబిస్ టీకా ముందే వేయించాలా?

తప్పకుండా. కరవకముందే వేయించుకునే కోర్సు మూడు డోసులు: 0వ రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. అది పూర్తయినవాళ్ళని తర్వాత కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం (రేబిస్‌ని అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. వేయించుకోనివాళ్ళని కరిస్తే ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. తర్వాత అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు. టీకా కాగితం చూపించనివాళ్ళని జంతువు దగ్గరికి రానివ్వకండి, ఎంత ఉత్సాహవంతులైనా సరే.

పిచ్చికుక్క అని అనుమానంగా ఉంది, ఏం చేయాలి?

ముట్టుకోకండి. చొంగ కారడం, గొంతు మారిపోవడం, కింది దవడ వేలాడటం, తూలడం, కర్రనీ రాయినీ కూడా కొరకడం, వీటిలో ఏది కనపడినా జనాన్ని దూరంగా పంపి మున్సిపాలిటీకి, పశువైద్యశాలకి చెప్పండి. అలాంటిదాన్ని విడిగా ఉంచితే సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. చొంగ కారే ప్రతి కుక్కకీ రేబిస్ ఉన్నట్టు కాదు, గొంతులో ఎముక ఇరుక్కున్నా కారుతుంది. కానీ నోట్లో చేయి పెట్టి ఎముక తీయాల్సింది డాక్టరే.

పుండులో పురుగులు పడ్డాయి. ఊళ్ళో కిరోసిన్ పొయ్యమంటున్నారు.

కిరోసిన్, ఫినాయిల్, పురుగుల మందు ఏవీ వద్దు. పురుగులతో పాటు చర్మమూ కాలిపోతుంది, కుక్క నాక్కుంటే లోపల లివర్ కూడా పోతుంది. పశువుల మందుల షాపులో పుండ్లకి కొట్టే స్ప్రే దొరుకుతుంది. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, స్ప్రే కొట్టి, కాసేపాగి పైకి వచ్చినవాటిని ఫోర్సెప్స్‌తో తీయాలి. ఒక్క రోజులో అన్నీ రావు, లోతుగా ఉంటే డాక్టర్ మత్తిచ్చి తీస్తారు. ఇంకో మాట: నొప్పికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ పిల్లికి వేయకండి. ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది.

ఆడకుక్కకి వెనక నుంచి రక్తం కారుతూనే ఉంది, ఎద అనుకోవాలా?

ఎద అయితే రెండు మూడు వారాల్లో ఆగుతుంది. ఆగకుండా కారుతూ, లోపల కాలీఫ్లవర్‌లా గడ్డ కనపడితే అది కుక్కలకి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డ, మగవాటికీ వస్తుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ చాలావరకు నయమైపోతుంది. డాక్టర్ వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. గడ్డ తగ్గింది కదా అని మధ్యలో ఆపేయకండి.

కుక్కపిల్లలు ఒంటరిగా కనపడితే తెచ్చేయాలా?

వెంటనే వద్దు. తల్లి తిండికి పోయి ఉంటుంది. రెండు మూడు గంటలు దూరం నుంచి చూడండి. పిల్లలు పొట్ట నిండి నిద్రపోతున్నాయంటే తల్లి ఉన్నట్టే.

రామచిలక, నక్షత్ర తాబేలు, పాము దొరికితే?

ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వస్తాయి. మీ దగ్గర ఉంచుకుంటే కేసు మీ మీదే పడుతుంది. అటవీ శాఖకి అప్పజెప్పండి. తీరం వెంట సముద్రపు తాబేళ్ళు గాయపడి ఒడ్డుకి వచ్చినా అంతే.

## ఉంచుకునేటప్పుడు

షెడ్డు కట్టాల్సి వస్తే మన వాతావరణానికి ఎలా కట్టాలి?

మేలో ఎండ, నవంబరు–డిసెంబరులో తుపాన్లు. ఈ రెండింటినీ తట్టుకోవాలి. ఒట్టి రేకుల కింద మధ్యాహ్నం కుక్కలు బతకవు. రేకు మీద తాటాకో గడ్డో పరవండి, లేకపోతే కప్పు ఎత్తు పెంచి రెండు వైపులా గాలి ఆడనివ్వండి. నెల్లూరు వైపు పల్లపు మాగాణి చవగ్గా వస్తుందని తీసుకోకండి. 2021 నవంబరులో పెన్నా ఎక్కడిదాకా వచ్చిందో ఆ చుట్టుపక్కల వాళ్ళని అడిగి కొనండి. ప్రకాశం మెట్టలో వరద భయం తక్కువ, బోరు ఎండిపోయే భయం ఎక్కువ. వేసవిలో బోరులో నీళ్ళుంటాయో లేదో చూసి స్థలం తీసుకోండి.

గేటు పక్కన విడిగా ఒక గది తప్పనిసరి. కొత్తగా వచ్చిన ప్రతి జంతువూ రెండు వారాలు అందులోనే ఉండాలి. దాని గిన్నెలు వేరు, చీపురు వేరు, అక్కడ పనిచేసే మనిషి చెప్పులు వేరు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో చావదు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి గచ్చు కడగాలి. అందుకే ఆ గదికి మట్టి నేల పనికిరాదు.

తిండి ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. రైసు మిల్లుల్లో నూకలు దొరుకుతాయి, చికెన్ షాపుల్లో కాళ్ళు, తలలు, కార్జాలు సాయంత్రానికి చవగ్గా ఇస్తారు. నూకలు, చికెన్, గుమ్మడికాయో క్యారెట్టో వేసి మెత్తగా ఉడకబెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేయొద్దు. ఉడికిన ఎముకలు ఏరేయండి, అవి విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. పెళ్ళి భోజనాల్లో మిగిలిన బిర్యానీ తెచ్చి పోస్తామంటారు, వద్దనండి. మర్నాడంతా విరేచనాలు ఎత్తుకుంటూ కూర్చోవాలి.

వీధి కుక్కలకి మేమే ఆపరేషన్లు చేయించొచ్చా?

దత్తతకి ఇచ్చే కుక్కకి మీ డాక్టర్ దగ్గర నిరభ్యంతరంగా చేయించుకోండి. వీధులన్నీ తిరిగి పట్టే కార్యక్రమం మాత్రం 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ ద్వారా, బోర్డు గుర్తించిన సంస్థతోనే జరగాలి. ఆపరేషన్ అయిన కుక్కకి గుర్తుగా చెవి అంచు కత్తిరించి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న వేరే ఆదేశం ఇచ్చింది. అక్కడ పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలకూడదు. కాబట్టి పట్టిన చోటు ఏదో రిజిస్టరులో వీధి పేరుతో సహా రాయండి.

కుక్కలకి అన్నం పెడుతుంటే అపార్ట్‌మెంట్ వాళ్ళు గొడవ చేస్తున్నారు.

పెట్టొద్దనే హక్కు వాళ్ళకి లేదు, గేటు ముందే పెట్టే హక్కు మీకూ లేదు. పిల్లలు ఆడుకునే చోటుకి, మెట్లకి, రాకపోకల దారికి దూరంగా చోటు చూపించమని అసోసియేషన్‌నీ మున్సిపాలిటీనీ అడగండి. తిన్నాక ఆకులు, కవర్లు ఎత్తేయండి. సగం గొడవలు కుక్క గురించి కాదు, చెత్త గురించే.

ఎవరో విషం పెట్టి చంపారు. కేసు పెడితే ఫలితం ఉంటుందా?

జంతు హింస నిరోధక చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, నవ్వుకుంటారు. అందుకని ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కూడా రాయమనండి. జంతువుని చంపినా, విషం పెట్టినా అయిదేళ్ళ వరకు శిక్ష ఉంది. కళేబరాన్ని పూడ్చేయకుండా పోస్టుమార్టం చేయించండి, అది లేకపోతే కేసు నిలబడదు.

## దత్తత

నాటు కుక్కని ఎవరు తీసుకుంటారు?

తీసుకుంటారు, ముందు మీరు "పాపం" అనడం మానేస్తే. గాయాల ఫొటోలు చూసి జనం విరాళాలు ఇస్తారు, ఇంటికి మాత్రం తీసుకెళ్ళరు. స్నానం చేయించి, వెలుతురులో, మనిషి పక్కన కూర్చున్న ఫొటో పెట్టండి. వయసు, టీకాలు, పిల్లలతో ఎలా ఉంటుంది, రాత్రి మొరుగుతుందా అన్నవి నిజాయితీగా రాయండి. మన ఎండకి హస్కీ రొప్పుతూ ఏసీ కింద పడుకుంటుంది, నాటు కుక్క వేపచెట్టు కింద హాయిగా ఉంటుంది. ఆ మాట కూడా రాయండి.

అందరూ మగపిల్లే కావాలంటున్నారు. ఆడవాటిని ఏం చేయాలి?

అట్టపెట్టెల్లో వదిలేసినవాటిలో ఎక్కువ ఆడపిల్లలే ఉండటానికి కారణం ఇదే. "ఈనుద్దన్నా, మాకెందుకు" అంటారు. వాదించకండి. ఆరు నెలలు నిండిన ఆడకుక్కలకి ఆపరేషన్ చేయించి, కుట్లు మానాకే ఇవ్వండి. చిన్నపిల్లని ఇస్తే ఆపరేషన్ ఖర్చు మీదేనని, తేదీ వేసి రాసివ్వండి, ఆ రోజున బండి మీరే పంపండి. "ఆపరేషన్ మీరే చేయించుకోండి" అని ఇచ్చిన ఆడపిల్ల ఏడాదికల్లా పిల్లలతో కనిపిస్తుంది.

రొయ్యల గుంటల దగ్గర కాపలాకి అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

మన తీరంలో అందరికన్నా ముందు అడిగేది వీళ్ళే. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం, ఎక్కడైనా ఇదే. మొత్తంగా కాదనక్కర్లేదు, వెళ్ళి చూడండి. గట్టు మీద చెట్టు నీడ ఉండదు, చుట్టూ ఉప్పునీళ్ళే. గొలుసు ఎంత పొడుగుంది, తాగడానికి మంచినీళ్ళు ఎక్కడున్నాయి, పంట పట్టేశాక గుంట ఎండబెట్టిన నెలల్లో కుక్క ఎక్కడ ఉంటుంది అని అడగండి. ఆ చివరి ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబుండదు. కాపలాదారు కుటుంబం ఏడాదంతా అక్కడే ఉంటూ, కుక్కని వదిలి పెంచేటట్టయితే ఇవ్వండి. ఇచ్చినా పెద్ద కుక్కనే ఇవ్వండి, పిల్లని వద్దు. జీతానికి మారిపోయే మనుషుల చేతిలో పెట్టే కుక్కకి యజమాని ఉండడు.

దత్తతకి డబ్బు తీసుకుంటే అమ్ముకున్నట్టు కాదా?

టీకా, ఆపరేషన్ ఖర్చులో కొంత భాగం రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. జాతి కుక్కకి ఎక్కువ, నాటు కుక్కకి తక్కువ అని ధర కడితే మాత్రం అది అమ్మకమే అవుతుంది. అందరికీ ఒకటే మొత్తం పెట్టండి.

పత్రంలో ఏం రాయించుకోవాలి?

ఆధార్ కాపీ, ఇంటి ఫొటో, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోలు, ఏటా రేబిస్ టీకా, అమ్మకూడదు, వేరేవాళ్ళకి ఇవ్వకూడదు, వద్దనుకుంటే మీకే తిరిగివ్వాలి. చివరిది గట్టిగా రాయండి, తిరిగిస్తే తిట్టకండి. తిడతారని భయపడ్డవాళ్ళే బైపాస్ మీద వదిలేసి పోతారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని ఎవరికీ ఇవ్వొద్దు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని టీకా కార్డు చూశాకే పంపండి.

చెన్నై, బెంగళూరు వాళ్ళు అడిగితే రైల్లో పంపొచ్చా?

ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే మనతో పాటు తీసుకెళ్ళొచ్చు, లేదా పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్‌లో పంపాలి. టీకా కార్డు, డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. వేసవిలో డాగ్ బాక్స్ వద్దు, తెల్లవారుజామున కారులో వెళ్ళే వాలంటీరుని చూసుకోండి.

## నడిపించడం, ఆపేయడం

లెక్కలు ఎంతవరకు బయటపెట్టాలి?

అంతా. నెలకొకసారి వచ్చినవి, దత్తతకి వెళ్ళినవి, వీధికి వదిలినవి, చనిపోయినవి అని నాలుగు అంకెలు పెట్టండి, పక్కన జమా ఖర్చులు. చనిపోయినవి దాచిపెట్టే సంస్థని దాతలు ఒకసారే నమ్ముతారు. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకీ విరాళం వేయించుకోకండి, సంస్థ ఖాతా క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉండాలి.

బతకదని తెలిసిన జంతువుని నొప్పి లేకుండా పంపేయడం తప్పా?

బాగుపడని స్థితిలో ఉన్నదానికి అర్హత ఉన్న పశువైద్యుడి చేత చేయించడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ నిర్ణయం ఒక్కరి మీద వేయకండి. డాక్టరుతో పాటు ఇద్దరు సభ్యులు సంతకం చేయాలని నియమం పెట్టుకోండి. ఆ రోజు ఆ జంతువుని చూసుకున్న ఫోస్టర్‌కి మీరే ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో మెసేజ్ పెట్టి వదిలేయకండి.

మధ్యలో ఆపేయాల్సి వస్తే?

పెళ్ళిళ్ళు అవుతాయి, ఉద్యోగాలు హైదరాబాదుకి మారతాయి, ఇది మామూలే. ముందు కొత్తవాటిని తీసుకోవడం ఆపి ఫోన్ నంబరులో ఆ సంగతి రికార్డు పెట్టండి. ఉన్నవాటికి ఇళ్ళు చూడండి, ఇల్లు దొరకని ముసలివాటిని సభ్యులు తలా ఒకటి పంచుకోండి. సొసైటీ రద్దు చేస్తే మిగిలిన డబ్బు, సామాను సభ్యులు తీసుకోకూడదు, అదే పని చేసే మరో సంస్థకి ఇవ్వాలి. బోనులు, స్ట్రెచరు, మిగిలిన టీకాలు ముందుగా అప్పజెప్పండి. టీకాలు ఫ్రిజ్ లోంచి తీసి ఐస్ పెట్టెలోనే పంపాలి, సంచిలో వేసి బస్సులో పంపితే పాడైపోతాయి.